బస్సు కిటికీలో ముఖం

1974 జూలై 6, శనివారం

మళ్ళీ వెళ్ళాను. వెనక బెంచీ. రీడింగ్ రూమ్ వరండాలో తొమ్మిదిమందిమి, అందరం రిటైరైనవాళ్ళమే. సోమయాజులు మాస్టారు పెట్టిన రూలు ఒక్కటే. కాగితం చూడకూడదు. తన జీవితంలో జరిగింది ఏదైనా నోటితో చెప్పాలి. శనివారానికి ఒకరు. ఇవాళ రైల్వే గార్డుగారి వంతు — పొగమంచులో బండి ఆపిన సంగతి. చెయ్యి తిప్పుతూ, గొంతు తగ్గిస్తూ, పెంచుతూ... వింటూ ఉంటే నా అరచేతులు తడిసిపోయాయి. చెప్పేది ఆయన. భయం నాకు.

"మీ వంతు ఎప్పుడండీ, దైవసహాయంగారూ?" — మాస్టారు.

తల అడ్డంగా ఊపాను.

"ముప్పై ఆరేళ్ళు టెలిగ్రాఫు మిషను ముందు కూర్చున్న మనిషి. మీ దగ్గర కథలు లేవంటే ఎవరు నమ్ముతారు?"

ఉన్నాయి. నోరే లేదు.

జూలై 7, ఆదివారం

కొత్త పాస్టరుగారు. తెలియక నన్ను వాక్యం చదవమన్నారు. కరుణ అడ్డుపడింది — "ఆయనకి గొంతు బాగాలేదండీ."

పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. అన్నేళ్ళుగా నా గొంతు బాగాలేదు.

జూలై 9, మంగళవారం

నత్తి. ఈ మాట రాయడానికి కూడా ఇన్నాళ్ళు పట్టింది. కాగితం మీద అది రాదు, అందుకే ఈ పుస్తకం. ద, ర, క — ఈ మూడింటి దగ్గర గొంతు పట్టేస్తుంది. నా పేరు ద. పెళ్ళాం పేరు క. పెళ్ళైన కొత్తలో రెండు నెలలు ఆమెని పేరు పెట్టి పిలవలేదు. కోపిష్టి మొగుడనుకుందట.

ఉద్యోగం ఎలా చేశానంటే — వేళ్ళతో చేశాను. వేలికి నత్తి లేదు.

జూలై 13, శనివారం

మాస్టారు నాతో కాలవ దాకా నడిచారు. "కీర్తనలు పాడతారు కదా. అక్కడ తడబడతారా?"

లేదన్నాను.

"అయితే నోరు బాగానే ఉందండీ. లోపం ఇంకెక్కడో ఉంది."

ఎక్కడో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. నడుస్తూ మాట్లాడమన్నారు. మొదటి మాట ఊపిరి వదులుతూ అనాలట. యాభై ఎనిమిదేళ్ళకి మాటలు నేర్చుకోవడం... కరుణకి చెప్పలేదు.

జూలై 16, మంగళవారం

పొద్దున్నే బందరు కాలవ గట్టు. వరద నీళ్ళు, ఎర్రగా, ఒడ్డు దాకా. చాకళ్ళు ఇంకా రాలేదు. నాలుగు గేదెలు. వాటికి చెప్పాను నా మొదటి కథ.

ఒకటి కనిపెట్టాను. కుడి చూపుడువేలితో తొడ మీద, మిషను మీద కొట్టినట్టే, మోర్సు కొడుతూ మాట్లాడితే మాట వస్తోంది. అనబోయే మాట మొదటి అక్షరం ముందు వేలు కొడుతుంది, వెనకాల నోరు అంటుంది. "ద" అన్నాను. "దైవసహాయం" అన్నాను. పదిసార్లు. గేదె తలెత్తి చూసింది.

ఇంటికి వచ్చి "కరుణా, కాఫీ" అన్నాను. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

జూలై 20, శనివారం

కొత్తగా ఒకావిడ వచ్చారు. మాస్టారు పరిచయం చేశారు — సుభద్రమ్మగారు, చల్లపల్లిలో చాలా ఏళ్ళున్నారు, వాళ్ళాయన అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు, పోయినేడాది పోయారు, ఇప్పుడు సత్యనారాయణపురంలో కూతురి దగ్గర ఉంటున్నారు.

ముఖం నిండా స్ఫోటకం మచ్చలు.

ఆ మచ్చలు లేని ముఖం నాకు తెలుసు.

టీ రాకముందే లేచి వచ్చేశాను. సైకిలు అక్కడే మర్చిపోయాను.

జూలై 21, ఆదివారం

జ్వరమని చెప్పి చర్చికి వెళ్ళలేదు. కరుణ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జూలై 23, మంగళవారం

రాసేస్తాను. ఎవరూ చదవరు.

యుద్ధం రోజులు. 1942 ఎండాకాలం. చల్లపల్లి పోస్టాఫీసులో టెలిగ్రాఫు సిగ్నలర్ని, ఇరవై ఆరేళ్ళు. లెక్కల మాస్టారి ఇల్లు పోస్టాఫీసుకి నాలుగిళ్ళవతల. ఆయన పరీక్ష పేపర్లు దిద్దడానికి బందరు వెళ్ళాడు. భార్య, పది నెలల పిల్లాడు. ఆవిడ మధ్యాహ్నం బస్సుకి గుడివాడ దగ్గర పుట్టింటికి వెళ్తున్నట్టు నాకు తెలుసు — ముందురోజు కార్డు మా కిటికీలోనే వేసింది. ఊచల ఇవతల నేను. ఎప్పుడూ మాట్లాడేవాణ్ణి కాదు. స్టాంపులిచ్చేవాణ్ణి, అంతే.

పన్నెండు పదికి మిషను మోగింది. రాసుకోకుండానే చెవికి అర్థమైంది. లెక్కల మాస్టారికి మామగారి దగ్గర్నుంచి. ఇక్కడ మశూచి, వాళ్ళని పంపవద్దు.

రూలు ప్రకారం ఫారం మీద రాయాలి, కవరులో పెట్టాలి, అంటించాలి, ప్యూనుకి ఇవ్వాలి. ప్యూను భోజనానికి వెళ్ళాడు. బయట బస్సు కదలబోతున్న చప్పుడు. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపే బస్సు, కదలడానికి చాలాసేపు దగ్గుతుంది. మిషను వదిలేసి పరుగెత్తాను. చేతిలో కాగితం లేదు. ఏం చెప్పాలో పరుగెత్తుతూనే అనుకున్నాను. 'రావద్దని టెలిగ్రాం వచ్చిందమ్మా.' మూడు మాటలు.

కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో పిల్లాడు.

"రా..." అన్నాను. "రా... రా..."

అక్కడే పట్టేసింది. వెళ్ళొద్దు అని మొదలుపెట్టినా బాగుండేది. వ నాకు అంత కష్టం కాదు. కానీ ఒకసారి పట్టేశాక ఇంకో మాట వెతకడానికి బుర్ర పనిచెయ్యదు. రా... రా... రా...

పిల్లాడు రెండు చేతులూ చాచాడు. నా వైపు.

ఆవిడ నవ్వింది. "మీరు పిలిస్తే వస్తానంటున్నాడండీ. తిరిగొచ్చాక ఎత్తుకుందురుగాని."

క్లీనరు బస్సు మీద చేత్తో కొట్టాడు. వెళ్ళిపోయింది.

ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ రోజూ చూస్తాను. నుదుటికి అంటుకుపోయిన తడి జుట్టు. కింద రెండు పళ్ళు. బుగ్గన దిష్టిచుక్క, చెమటకి సగం కరిగి చెవి దాకా జారింది. పొడుగు కనురెప్పలు.

లోపలికి వచ్చి ఫారం మీద టైము వేశాను. 12–10 కాదు. 12–40. బస్సు 12–20కి వెళ్ళింది. ఇల్లు తాళం వేసి ఉందని ప్యూను కవరు వెనక్కి తెచ్చాడు. మాస్టారు బందరు నుంచి వచ్చాక అయిదో రోజున ఆయన చేతికి అందింది. పిల్లాడు నెల తిరక్కుండా పోయాడు. ఆవిడ ఈ మచ్చలతో తిరిగొచ్చింది. నేను అప్పటికే బదిలీ అడిగి భీమవరం వెళ్ళిపోయాను.

నోరు పెగల్లేదు. నా తప్పు కాదు. ముప్పై రెండేళ్ళుగా ఇదే అనుకుంటున్నాను.

జూలై 27, శనివారం

వెళ్ళలేదు. సాయంత్రం మాస్టారే నా సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. "మీరు మానేస్తే ఎట్లాగండీ, నేర్చుకుంటున్నవాళ్ళు మీరొక్కరే." కరుణ ఆయనకి కాఫీ ఇస్తూ — "ఏం నేర్చుకుంటున్నారండీ ఈయన?"

తెలిసిపోయింది. సంతోషపడింది. ఆ సంతోషం చూడలేక పెరట్లోకి వెళ్ళాను.

ఆగస్టు 3, శనివారం

వెళ్ళాను. ఆవిడ వంతు అని తెలిస్తే వెళ్ళేవాణ్ణి కాదు.

చిన్న గొంతు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "నా పెద్దవాడి సంగతి చెబుతానండీ. పది నెలలు బతికాడు." ఎవరూ దగ్గలేదు కూడా. అమ్మవారు పోసింది, తన తల్లీ పోయింది, పిల్లాడూ పోయాడు — ఇదంతా రెండు మాటల్లో దాటేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు.

"నేను చెప్పాలనుకుంది ఇది కాదండీ. మేం బస్సెక్కిన రోజు పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి వాణ్ణి 'రా, రా' అని పిలిచాడు. కొత్తవాళ్ళని చూస్తే ఏడ్చేవాడు మావాడు. ఆయన దగ్గరికి మాత్రం చేతులు చాచాడు. ఎందుకో మరి. వాడి విషయంలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం అదొక్కటే."

ఒళ్ళో చేతులు ఒకసారి చూసుకుంది.

"ఫోటో లేదండీ. ఈ మధ్య వాడి ముఖం గుర్తు రావటం లేదు. చేతులు కనిపిస్తాయి. ముఖం కనిపించదు. ఆయన ఎక్కడున్నాడో. ఆయనకైనా గుర్తుందేమో."

నేను ఆవిడకి ఆరడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడు నాకు మీసం ఉండేది, తలనిండా జుట్టు ఉండేది. ఇప్పుడు కళ్ళద్దాలు, బట్టతల.

వేలు తొడ మీద దానంతట అదే కొట్టుకుంటోంది. రెండో చేత్తో పట్టుకున్నాను.

ఆగస్టు 4, ఆదివారం

దాన్ని ఆవిడ దాచుకుంది. ఆ 'రా రా'ని.

ఆగస్టు 10, శనివారం

నా వంతు. మాస్టారు ముందే చెప్పేశారు అందరికీ, తప్పించుకునే దారి లేదు. ఏ ఊరో చెప్పకుండా పీతల కథ చెప్పాను — ఎవరో కూతురికి పంపిన పార్సిల్లోంచి బతికిన పీతలు బయటపడి టపా సంచుల్లో దూరిన కథ. వేలు కొడుతూ, ఊపిరి వదులుతూ. మూడుచోట్ల ఆగాను. ఎవరూ నా బదులు మాట పూర్తిచెయ్యలేదు. పోస్టుమాస్టరు బల్లెక్కి నిలబడ్డాడన్నాను. అందరూ పడీపడీ నవ్వారు.

నిజానికి ఆయన బల్లెక్కలేదు. కుర్చీలోనే కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. చెబుతూ ఉంటే బల్లెక్కించాలనిపించింది.

జీవితంలో మొదటిసారి పదిమంది నా మాట విన్నారు. సుభద్రమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అది చూశాక నాకు మిగతావాళ్ళు కనిపించలేదు.

ఆగస్టు 12, సోమవారం

మశూచి టీకాల వాళ్ళు వీధిలోకి వచ్చారు. ఇంటింటికీ మచ్చలున్న ముఖం బొమ్మ చూపించి, ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. నన్నూ అడిగారు. లేరని తల ఊపాను. చెయ్యి చాచాను, పొడిచారు.

ఆగస్టు 19, సోమవారం

జూలైలో రాసింది మళ్ళీ చదివాను. అబద్ధం రాయలేదు. సగం రాశాను.

బస్సు పామర్రులో ఆగేది. బొగ్గు వేసుకోవడానికి అరగంట. బస్సులు ఆగే చోటుకి ఎదురుగానే పామర్రు పోస్టాఫీసు. అక్కడి సిగ్నలరు నాకు తెలిసినవాడు, రోజూ మిషను మీద పలకరించుకునేవాళ్ళం. బస్సు పామర్రు చేరడానికి గంట పట్టేది. నాకు గంట ఉంది. మిషను ముందు కూర్చుని, వేలు కదిపితే చాలు. 'బస్సులో ఫలానా ఆవిడ, దింపెయ్యి.' రెండు నిమిషాల పని.

వేలికి నత్తి లేదు.

కొట్టలేదు. మిషను వదిలి వెళ్ళానని తెలుస్తుంది. కవరు అంటించకుండా ఒకరి వార్త బయట చెప్పబోయానని తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది. అంతకన్నా — బస్సు దగ్గర నోరు రాక నిలబడ్డానని పామర్రు వాడికి చెప్పాల్సి వస్తుంది. వాడు నవ్వుతాడు. గంటన్నరసేపు మిషను ముందు కూర్చుని గోడ గడియారం చూశాను. ఒకటి ఇరవై అయింది. ఒకటి యాభై అయింది. అప్పుడు ఫారం మీద దొంగ టైము వేశాను.

ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. లోపల కూడా అనుకోలేదు.

ఆగస్టు 24, శనివారం

మాస్టారికి నోరు ఆగదు. "దైవసహాయంగారు కూడా చల్లపల్లిలో పనిచేశారండీ, సర్వీసు మొదట్లో" అనేశారు ఆవిడతో. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

ఆవిడ గబగబా వచ్చింది. "ఏ సంవత్సరమండీ? ఆ పోస్టాఫీసాయన మీకు తెలుసేమో. సన్నగా, మీసాలుండేవి."

"చూస్తానండీ. క... కనుక్కుంటాను."

"ఆయన బతికే ఉంటే ఒక్కసారి చూపించండి. ఇంకేం అడగను."

కనుక్కుంటానన్నాను. కనుక్కుంటానట.

ఆగస్టు 26, సోమవారం

కరుణకి చెప్పాను. అంతా. వేలు కొట్టలేదు, నత్తి నత్తిగానే చెప్పాను, గంట పట్టింది. బియ్యంలో రాళ్ళేరుతూ వింది. చేట పక్కన పెట్టలేదు.

చివరికి — "నాకు చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా?"

ఇంకో గుప్పెడు బియ్యం చూసింది. "ఆవిడ ఇల్లెక్కడ?"

చెప్పాను.

"తోడు రమ్మంటే వస్తాను. బయట నిలబడతాను. లోపలికి మాత్రం మీరే వెళ్ళాలి."

సెప్టెంబరు 1, ఆదివారం

ముఖం చెప్పేసి మిగతాది దాచెయ్యొచ్చు. ముద్దుగా ఉన్నాడని పిలవడానికి వచ్చానమ్మా అంటే నమ్ముతుంది. ఎప్పటినుంచో నమ్ముతూనే ఉంది. ఆవిడకి సంతోషం. నాకూ...

సెప్టెంబరు 5, గురువారం

వెళ్ళాను. కరుణ మూలమీద మందుల షాపు దగ్గర ఆగింది. కూతురు పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్ళింది, ఆవిడ ఒక్కతే ఉంది. పూలకుండీకి నీళ్ళు పోస్తోంది.

"కనుక్కున్నారా?"

"నేనేనండీ ఆ మనిషిని."

తడబడకుండా వచ్చింది. ఆవిడ చెంబు కింద పెట్టింది. లోపలికి రమ్మంది. మజ్జిగ తెచ్చి ఎదురుగా కూర్చుని నన్ను చూస్తూ ఉండిపోయింది, నా ముఖంలో ఆ పాత ముఖాన్ని వెతుకుతున్నట్టు.

"వాణ్ణి చూశారు కదూ. ఎలా ఉన్నాడు?"

చెప్పాను. జుట్టు, పళ్ళు, కరిగిన చుక్క, కనురెప్పలు. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. కళ్ళు తెరవకుండానే — "ఆ చుక్క నేనే పెట్టానండీ. బస్సులో తుడుద్దామనుకున్నాను."

అప్పుడే లేచి వచ్చేస్తే సరిపోయేది.

"అంత పరుగెత్తుకుంటూ ఎందుకొచ్చారండీ ఆ రోజు?"

మజ్జిగ గ్లాసు పట్టుకుని ఉన్నాను. వేలు గ్లాసు మీద కొట్టుకుంటోంది. పట్టేసింది. ఒక నిమిషం, ఇంకా ఎక్కువో. ఆవిడ నా బదులు మాట అందించలేదు. తొందర లేదండీ అంది. అలా అన్నవాళ్ళు నాకు తక్కువ.

చెప్పాను. టెలిగ్రాం చెప్పాను. రావద్దు అనబోయానని చెప్పాను. ఆవిడ ముఖం ఏమీ మారలేదు. "నోరు రాకపోతే మీరేం చేస్తారు" అంది, మెల్లగా. అక్కడ ఆగిపోవాలనిపించింది. దొంగ టైము చెప్పాను. పామర్రు చెప్పాను.

ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"పామర్రులో అరగంట ఆగింది" అంది. "కిందికి దిగి వాడికి పాలు పట్టాను."

తర్వాత — "ఇక వెళ్ళండి."

మజ్జిగ తాగలేదు. వీధి చివర కరుణ నన్ను చూసి రిక్షా పిలిచింది.

సెప్టెంబరు 7, శనివారం

ఆవిడ రాలేదు.

సెప్టెంబరు 14, శనివారం

రాలేదు. మాస్టారు మనిషిని పంపారట. ఒంట్లో బాగాలేదని కబురు.

వీధి తలుపు చప్పుడైతే వంటింట్లోకి పోతున్నాను. ఆవిడ కూతురు వస్తుందేమో. వచ్చి అడుగుతుందేమో, మా అమ్మకి ఏం చెప్పారని.

సెప్టెంబరు 17, మంగళవారం

గట్టు మీదికి వెళ్ళడం మానేశాను. కరుణ — "నోరు వచ్చింది కదా, మళ్ళీ మూసుకుంటారా?"

అసలు రాకపోయినా బాగుండేది. ఆవిడకి ఒక మంచి జ్ఞాపకం ఉండేది. నేను నేర్చుకున్న విద్యతో మొదట చేసింది దాన్ని తీసెయ్యడం.

సెప్టెంబరు 21, శనివారం

రాలేదు.

సెప్టెంబరు 28, శనివారం

వచ్చింది. చిక్కిపోయింది. అందరి మధ్యా కూర్చుంది, గార్డుగారి మాటలకి నవ్వింది కూడా. నేను తలెత్తలేదు.

అయిపోయాక మెట్ల దగ్గర నా ముందు నిలబడింది.

"మిగతాదంతా ఇంక నాతో అనకండి. ఎప్పుడూ. క్షమించానని మీరు అనుకోవద్దు, అది నాకు చేతకాదు."

సరేనన్నాను.

"ముఖం చెప్పండి."

అర్థం కాలేదు.

"వాడి ముఖం. ఆ రోజు చెప్పారు కదా. మళ్ళీ మర్చిపోతున్నాను. చెప్పండి."

మెట్ల మీద నిలబడే చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. వెళ్ళిపోయింది.

అక్టోబరు 5, శనివారం

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఈసారి కూర్చుని.

అక్టోబరు 12, శనివారం

"కళ్ళు పెద్దవా?" అంది. పెద్దవే అన్నాను. "నా కళ్ళా, వాళ్ళ నాన్న కళ్ళా?" మీవే అన్నాను. ఆవిడకి సంతోషం. ఆ ముఖంలో సంతోషం తెప్పించగలిగేది ప్రపంచంలో నేనొక్కణ్ణే ఇప్పుడు.

అక్టోబరు 14, సోమవారం

ఈ ఒక్కటి చెప్పేటప్పుడు నత్తి రావటం లేదు. వేలు కొట్టక్కర్లేదు. ర దగ్గరా క దగ్గరా ఆగటం లేదు. పాడినట్టు వస్తోంది.

అదే భయంగా ఉంది.

అక్టోబరు 26, శనివారం

పోయినవారం దసరా రద్దీకి సమావేశం లేదు. రెండు వారాల ఆకలి ఆవిడకి. "బస్సులో ఎండ ఎటువైపు పడుతోంది? వాడి మీద పడిందా?" పడిందన్నాను. "కళ్ళు చికిలించాడా?" కొంచెం అన్నాను. "చొక్కా ఏ రంగు?" గుర్తులేదని ఒక్కమాట అంటే సరిపోయేది. పసుపుపచ్చ అన్నాను. ఆవిడ ఆలోచించి — "అవునండీ. మా అమ్మ కుట్టింది."

నేను చొక్కా చూశానా? చేతులు చూశాను. ముఖం చూశాను. చొక్కా...

నవంబరు 2, శనివారం

ఇవాళ అడగలేదు. నేనే అన్నాను. అడక్కుండానే. చెబుతూ చెబుతూ — "నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడిందండీ."

ఎందుకన్నానో తెలియదు. కథకి అక్కడ ఏదో కావాలనిపించింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "సొట్ట" అంది. "ఎడమ వైపే. ఎలా మర్చిపోయానండీ నేను. ఇప్పుడు కనిపిస్తున్నాడు. మొత్తం కనిపిస్తున్నాడు."

ఏడ్చింది. మొదటిసారి నా ముందు ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత చెప్పింది. కూతురికి తెలిసిన ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడట, ఫోటో స్టూడియోలో పోయినవాళ్ళ బొమ్మలు వేస్తాడు. వచ్చే శనివారం తీసుకొస్తుంది. నేను చెబుతూ ఉంటే ఆయన గీస్తాడు. ఫ్రేము కట్టించి వాళ్ళాయన ఫోటో పక్కన పెడుతుంది.

"మీకు శ్రమ అనుకోకండి. ఒక్కసారే."

నవంబరు 3, ఆదివారం

ఈ పుస్తకం అంతా వెతికాను. సొట్ట ఎక్కడా లేదు. లేదని కూడా ఎక్కడా లేదు.

ఆవిడకి నిజంగా గుర్తొచ్చిందేమో. నిజంగా ఉందేమో, నేను చూసి మర్చిపోయి, ఇప్పుడు నోటికి వచ్చిందేమో. అలా జరగకూడదని ఏముంది? కరుణని అడిగాను.

"చూశారా, లేదా?"

"తెలియదు."

"అయితే అదే చెప్పండి ఆవిడకి. తెలియదని."

పామర్రు సంగతి చెప్పినవాణ్ణి. ఈ మాట చెప్పడానికి అంతకన్నా భయంగా ఉంది. అప్పుడు ఆవిడకి ఉన్నది తీసేశాను. ఇప్పుడు నేనే ఇచ్చినది తీసెయ్యాలి.

నవంబరు 6, బుధవారం

వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. మందుల షాపు దగ్గర నిలబడ్డాను. కరుణ లేదు, నేనే వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో పొరుగావిడతో మాట్లాడుతోంది. ఎడమ బుగ్గ మీద వేలు పెట్టి చూపిస్తోంది.

వెనక్కి వచ్చాను.

నవంబరు 9, శనివారం

నాలుగున్నరకి రమ్మన్నారు. ఇప్పుడు రెండు.

పొద్దుటినుంచి కళ్ళు మూసుకుని చూస్తున్నాను. బస్సు ఉంది. కిటికీ ఉంది. పిల్లాడు ఉన్నాడు. పసుపుపచ్చ చొక్కా. నవ్వుతున్నాడు, ఎడమ బుగ్గన సొట్ట. దాన్ని తీసేసి చూద్దామని ప్రయత్నిస్తున్నాను. అంతకుముందు ఎలా ఉండేవాడో, నాకు రోజూ కనిపించినవాడు...

రావటం లేదు.